రిజిస్టర్ వదలని రిసెప్షన్

ప్రశ్న: మాది అరకులో 46 గదుల రిసార్ట్. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌లో కొన్నేళ్లు చేసి, ఇక్కడ మేనేజర్‌గా చేరాను. నేను చెప్పబట్టే ఓనర్ గారు బుకింగ్, బిల్లింగ్, హౌస్‌కీపింగ్ అన్నీ కలిసి ఉన్న సాఫ్ట్‌వేర్ కొన్నారు. కంపెనీ వాళ్లు వచ్చి రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఎనిమిది నెలలైంది. రిసెప్షన్ వాళ్లు ఇప్పటికీ ముందు పాత రిజిస్టర్‌లో రాసుకుని, తీరిక దొరికినప్పుడు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. దసరా సెలవుల్లో ఒకే రూమ్ ఇద్దరికి ఇచ్చేసి గెస్టుల చేత నానా మాటలు పడ్డాం. హౌస్‌కీపింగ్ వాళ్లు యాప్‌లో ఒక్కో రూమ్ అయిన వెంటనే నొక్కమంటే, మధ్యాహ్నం రెండింటికి అన్నీ కలిపి ఒక్కసారే ‘క్లీన్’ కొట్టేస్తున్నారు. మొదట్లో ఓనర్ గారు రిపోర్టు చూసి, రూముకి ఎక్కువ టైమ్ పడుతోందని ఇద్దరు ఆడవాళ్ల జీతంలో మూడేసి వందలు కోశారు. ఒక రాత్రి క్యాష్ 1,800 తగ్గితే ఆ షిఫ్ట్ అబ్బాయి దగ్గర వసూలు చేశారు. అవి పాత సంగతులే. ఇప్పుడేమో రిజిస్టర్ ముట్టుకున్నవాళ్లకి ఫైన్ వేయమంటున్నారు. పందొమ్మిదేళ్లుగా ఉన్న మా సీనియర్ రిసెప్షనిస్టు ‘ఇవన్నీ మనకెందుకమ్మా’ అని నవ్వేస్తాడు. వీళ్లకి కంప్యూటర్ అంటే భయమా? మళ్లీ ట్రైనింగ్ పెట్టించనా? లేక ఫైనే వేయనా?
– ఒక పాఠకురాలు, అరకు లోయ

జవాబు: ‘అవి పాత సంగతులే’ అని మీరు ఒక్క ముక్కలో దాటేశారు చూడండి, మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. మూడు వందల కోత, 1,800 వసూలు. మీకవి పాతబడ్డాయి. మీ స్టాఫ్‌కి పాతబడలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక దానివల్ల తమకి జరిగిందేమిటని వాళ్లు లెక్క చూసుకుంటే ఆ రెండే కనిపిస్తాయి.

కంప్యూటర్ అంటే భయమా అని అడిగారు. మీ రిసెప్షన్ కుర్రాడు రోజుకి ఎన్ని యూపీఐ పేమెంట్లు తీసుకుంటున్నాడో, ఎన్ని టాక్సీలకి వాట్సాప్‌లో లొకేషన్ పంపుతున్నాడో చూడండి. హౌస్‌కీపింగ్‌లో ఉన్న అమ్మాయిలు ఫోన్‌లో రీల్స్ చూసుకుంటున్నారు, ఇంటికి డబ్బు పంపుకుంటున్నారు. తెర మీద ఒక బటన్ నొక్కడం వాళ్లకి కష్టమేమీ కాదు. నొక్కిన తర్వాత ఏం జరుగుతుందో తెలిసే నొక్కడం లేదు. కాబట్టి ట్రైనింగ్ ఇంకో రెండు రోజులు పెట్టించినా మీకు దక్కేది టీ, బిస్కెట్ల బిల్లే.

జీతం తెగిన ఆ ఇద్దరి వైపు నుంచి ఒకసారి చూడండి. మీ యాప్‌కి తెలిసింది రెండే, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ముగించారు. ఒక జంట ఒక్క రాత్రి ఉండి వెళ్లిన గదీ, డబుల్ రూమ్‌లో ఎక్స్‌ట్రా బెడ్ వేయించుకుని ఆరుగురు రెండు రాత్రులు ఉండి, క్యాంప్‌ఫైర్ దగ్గర తిన్న ప్లేట్లన్నీ మంచం మీద వదిలి వెళ్లిన గదీ దానికి ఒకటే. డిసెంబరులో మంచానికి మూడేసి దుప్పట్లు. వానాకాలంలో కాఫీ తోటల మట్టి గుమ్మం నుంచి బాత్‌రూమ్ దాకా. ఇక మబ్బు పట్టిందంటే ఉతికిన దుప్పట్లు ఆరవు. లాండ్రీ నుంచి లినెన్ వచ్చేదాకా ఆమె కారిడార్‌లో నిలబడాల్సిందే. ఆ నిలబడ్డ టైమంతా ఆమె పేరు మీదే పడింది. రిపోర్టులో నిదానంగా పనిచేసే మనిషిలా కనిపించింది. జీతం కోశారు.

ఆ తర్వాత వాళ్లు చేసింది తెలివైన పని. అన్ని గదులూ రెండింటికి ఒకేసారి నొక్కేస్తే ఏ గదికి ఎంతసేపు పట్టిందో ఎవరూ చెప్పలేరు. తమ మీద వాడటానికి పనికిరాని లెక్కను తయారుచేసి మీ చేతిలో పెట్టారు. దానివల్ల నష్టపోయింది రిసెప్షన్. విశాఖ నుంచి పొద్దున రైల్లో వచ్చిన గెస్టులు లాబీలో సూట్‌కేసుల మీద కూర్చుని ఉంటే, పైన పది గదులు రెడీగా ఉన్నా తెర మీద మాత్రం ‘డర్టీ’ అనే ఉంటుంది. ఇద్దరి దగ్గర మూడేసి వందలు, మొత్తం ఆరు వందలు మిగుల్చుకున్నారు మీ ఓనర్ గారు. అక్కడితో లక్షలు పోసి కొన్న హౌస్‌కీపింగ్ యాప్ పనికిరాకుండా పోయింది.

ఇక క్యాష్ సంగతి. మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను, రిసెప్షన్ కంప్యూటర్‌లో ఎన్ని యూజర్ ఐడీలు ఉన్నాయి? చాలా చిన్న హోటళ్లలో ఒక్కటే ఉంటుంది, పాస్‌వర్డ్ మానిటర్ కింద కాగితం మీద అంటించి ఉంటుంది. మీ దగ్గరా అంతే అయితే ఆ 1,800 ఎవరి తప్పో ఆ సాఫ్ట్‌వేర్ జన్మలో చెప్పలేదు. పగటి షిఫ్ట్‌లో యూపీఐలో వచ్చిన అడ్వాన్సుని ఎవరో క్యాష్ అని నొక్కి ఉండొచ్చు. క్యాన్సిల్ అయిన బిల్లు తీసేయకపోయి ఉండొచ్చు. ఎక్స్‌ట్రా బెడ్ డబ్బు రెండుసార్లు పడి ఉండొచ్చు. నైట్ క్లోజింగ్ టైమ్‌కి కుర్చీలో ఎవరున్నారో వాళ్లే దొరికిపోయారు.

ఆ అబ్బాయికి రిజిస్టర్ ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమవుతుంది. అందులో ఉన్నది తన చేతిరాత, తన సంతకం. ఎవరైనా మార్చితే కొట్టివేత కనిపిస్తుంది. కంప్యూటర్‌లో తను ఎక్కించిన అంకెని పైనుంచి ఎవరైనా మార్చినా తనకి తెలియదని అతని అనుమానం. అది నిజమో కాదో తేల్చుకునే దారి కూడా మీరు అతనికి ఇవ్వలేదు. ‘పాత అలవాటు మానలేకపోతున్నారు’ అని మీరనుకుంటున్న ఆ రిజిస్టర్, వాళ్ల దృష్టిలో సాక్ష్యం. రేపు ఏదైనా తేడా వస్తే చూపించుకోవడానికి వాళ్లకున్నది అదొక్కటే. దాన్ని ముట్టుకుంటే ఫైన్ అంటే, సాక్ష్యం లేకుండా నిలబడమని చెప్పడమే. అది వేయకండి.

వాళ్లది అతి భయం అని ఓనర్ గారు అంటే బ్రిటన్‌లో జరిగింది చెప్పండి. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది తయారుచేసింది ఫుజిట్సు కంపెనీ. రాత్రి లెక్క కట్టేసరికి తెర మీద క్యాష్ తక్కువ చూపించేది. ఊరి పోస్టాఫీసు నడిపేవాళ్లు ‘మేం తీయలేదు’ అంటే ఎవరూ వినలేదు. కొందరు సొంత డబ్బు పోసి పూడ్చారు, ఇళ్లు పోగొట్టుకున్నారు, జైలుకి కూడా వెళ్లారు. మొత్తం మీద తొమ్మిది వందల మందికి పైగా దొంగలుగా శిక్ష పడింది. లోపాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయని, లెక్కల్లో ఆ తేడాలు దానివల్ల రావడానికి అవకాశం ఉందని 2019లో లండన్ హైకోర్టు చెప్పింది. ఆ శిక్షలు మూకుమ్మడిగా కొట్టేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మీ రిసార్ట్‌లో అంత ఘోరం జరుగుతుందని కాదు. ‘కంప్యూటర్ చూపించింది కాబట్టి నువ్వే కట్టాలి’ అనే మాట ఎంత దూరం పోగలదో ఓనర్ గారు తెలుసుకోవడానికి.

ఉద్యోగులు కొత్త సిస్టమ్‌ని ఎందుకు వాడతారు, ఎందుకు వాడరు అనే దాని మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు రెండు విషయాలు ముఖ్యమన్నాడు. ఇది నా పనికి ఉపయోగపడుతుందా, దీన్ని వాడటం తేలికా. మీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రైనింగ్ ఆ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. 1995లో మేయర్, మరో డేవిస్, షూర్మన్ కలిసి నమ్మకం అనే దాన్ని మూడు భాగాలుగా విడదీశారు. ఎదుటివాడికి ఆ పని చేతనవునా, నా మేలు కోరుతున్నాడా, అన్న మాట మీద నిలబడతాడా. మీ స్టాఫ్ ఈ మూడూ సాఫ్ట్‌వేర్ గురించి అడగడం లేదు, మీ గురించి, ఓనర్ గారి గురించి అడుగుతున్నారు. మొదటిదానికి మీకు మార్కులు పడే ఉంటాయి, పెద్ద హోటల్ నుంచి వచ్చారు కదా. మిగతా రెండూ ఆ కోతతో, ఆ వసూలుతో పోయాయి.

డబుల్ బుకింగ్ సంగతి చెప్తాను, ఎందుకంటే స్టాఫ్ దాన్ని ‘సిస్టమ్ చేసిన తప్పు’ అంటున్నారని నా ఊహ. సిస్టమ్ తప్పు అది కాదు. సాయంత్రం ఒక కుటుంబం నేరుగా వచ్చి రూమ్ అడుగుతుంది. రిసెప్షన్ వాళ్లు రిజిస్టర్‌లో రాసుకుని తాళం ఇస్తారు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఆ గది ఇంకా ఖాళీ. అది ఆ ఖాళీని ఆన్‌లైన్ బుకింగ్ సైట్లన్నిటికీ పంపుతూనే ఉంటుంది. ఏడున్నరకి హైదరాబాద్‌లో ఎవరో అదే గది బుక్ చేసుకుని డబ్బు కట్టేస్తారు. రాత్రి తొమ్మిదికి తీరికగా ఎక్కిద్దామని కూర్చునేసరికి ఇద్దరు తయారు. ఒట్టి రిజిస్టర్ మీద నడిచినా ఈ గొడవ రాదు, ఒట్టి సాఫ్ట్‌వేర్ మీద నడిచినా రాదు. సగం అదీ సగం ఇదీ నడిపితేనే వస్తుంది. ఇది రిసెప్షన్ వాళ్లని కూర్చోబెట్టి, దసరాలో జరిగిన ఆ బుకింగునే తీసి, ఏ నిమిషానికి ఏం జరిగిందో తెర మీద చూపించండి. ఎవరు రాశారు అన్నది మాత్రం అడగొద్దు. తిట్లు తిన్నది వాళ్లే కాబట్టి, మళ్లీ తినకుండా ఉండే దారి అంటే శ్రద్ధగా వింటారు.

ఒక ఇబ్బందికరమైన సంగతి కూడా అనుకుందాం. రిజిస్టర్ మీద ప్రేమ అందరిదీ సాక్ష్యం కోసమే అని నేను అనను. మధ్యాహ్నం నాలుగు గంటలకి గది తీసుకుని సాయంత్రానికి ఖాళీ చేసినవాళ్లు, బిల్లు అడగని గెస్టులు, ఎక్స్‌ట్రా బెడ్‌కి చేతిలో పెట్టిన ఐదు వందలు... ఏ హోటల్ రిసెప్షన్‌లోనైనా ఈ చిల్లర ఎక్కడికి పోతుందో ఆ కౌంటర్ వెనక నిలబడ్డవాళ్లకి తెలుసు. మీ దగ్గరా ఎవరికో ఒకరికి ఆ ఆదాయం ఉండొచ్చు. కానీ ఆ ఒక్కరి కోసం అందరినీ అనుమానిస్తే, మిగతావాళ్లు కూడా అతని వెనకే నిలబడతారు. చెయ్యి తిరిగినవాడు ఫైన్‌కి భయపడడు కూడా, కట్టేసి ఇంకో చోట రాబట్టుకుంటాడు. ఎవరి ఐడీ వాళ్లకి ఇచ్చి, షిఫ్ట్ మారేటప్పుడు ఇద్దరూ కలిసి క్యాష్ లెక్కపెట్టి సంతకాలు పెడితే చాలు, చాలావరకు దానంతట అదే ఆగుతుంది. నిజాయితీగా ఉన్నవాడికి అదే రక్షణ కూడా. ఈ ఒక్క మార్పు రేపే చేయగలరు, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

మిగతావాటికి ఓనర్ గారి దగ్గరికి వెళ్లాలి. అదే మీకు టెన్షన్ పెట్టే పని అని తెలుసు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ కొనమన్నది మీరే. అయినా తప్పదు. ఆయన్ని అడగాల్సిన మొదటిది, ఆ మూడేసి వందలు, ఆ 1,800 తిరిగి ఇచ్చేయమని. ఆయన చేత్తోనే, వచ్చే జీతంతో పాటు. ‘అప్పుడు లెక్క సరిగ్గా చూడలేదు’ అని ఒక్క మాట అంటే మరీ మంచిది, అనకపోయినా పర్వాలేదు. ఆ 2,400తో కొన్నంత నమ్మకం మీరు ఏ ట్రైనింగ్‌తోనూ కొనలేరు.

రెండోది ఒక కాగితం. తెలుగులో, సగం పేజీ మించకుండా. ఈ సీజన్ అయిపోయేదాకా సాఫ్ట్‌వేర్ రిపోర్టు చూసి ఎవరి జీతంలోనూ రూపాయి కోసేది లేదని, క్యాష్ తేడా వస్తే ఆ షిఫ్ట్ ఎంట్రీలన్నీ ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చూసిన తర్వాతే ఏదైనా మాట్లాడతామని, ఎవరి ఎంట్రీలు వాళ్లు ఎప్పుడైనా చూసుకోవచ్చని, రిపోర్టులు ఎవరెవరు చూస్తారో వాళ్ల పేర్లతో సహా. కింద ఓనర్ గారి సంతకం. స్టాఫ్ హాజరు వేసుకునే టైమ్ ఆఫీస్ గోడకి అంటించండి. నోటి మాటగా చెబితే చాలదా అంటారేమో, చాలదు. నోటి మాటలు ఎలా మారతాయో పందొమ్మిదేళ్లు చూసిన మనిషి మీ కౌంటర్‌లో ఉన్నాడు.

ఓనర్ గారు ‘స్టాఫ్‌కి భయం లేకపోతే ఎలా’ అంటే, భయం పెడితే నిజం పైకి రాదని గుర్తుచేయండి. మన రంగంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1988లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మాతృసంస్థ, మారియట్, హిల్టన్, బడ్జెట్ అనే అద్దె కార్ల కంపెనీ కలిసి విమానం, హోటల్, కారు అన్నీ ఒకేచోట బుక్ చేసే సిస్టమ్ మొదలుపెట్టాయి. దాని పేరు కన్ఫర్మ్. మూడున్నరేళ్లు నడిచి, సుమారు 12.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1992లో మూసేశారు. ప్రాజెక్టు చూసే మేనేజర్లలో కొందరు దాని అసలు పరిస్థితిని సకాలంలో బయటపెట్టలేదని దాన్ని తయారుచేసే కంపెనీ పెద్దే లేఖలో ఒప్పుకున్నాడు. అంత పెద్ద కంపెనీల్లో చెడ్డ వార్త పైకి రాలేదు. 46 గదుల చోట మాత్రం ఎందుకొస్తుంది, చెప్పినవాడికి కోత పడుతుందని తెలిసిన తర్వాత?

మూడో కోరిక ఆయనకి చేదుగా ఉంటుంది. ‘మనవాళ్లు వస్తున్నారు, 12 నంబర్ ఉంచు’ అని ఆయన ఫోన్ చేసినప్పుడు ఆ గది సాఫ్ట్‌వేర్‌లో ఎక్కుతోందా? ఎక్కడం లేదనే నా అనుమానం. డబ్బు తీసుకోని గదులు, స్నేహితులకి పట్టి ఉంచిన గదులు, ఇవి ఏ హోటల్‌లోనైనా ముందుగా సిస్టమ్ బయటికి జారేవి. స్టాఫ్ చూస్తూనే ఉంటారు. పైవాళ్లు నోటి మాటతో గది తీసుకుంటూ, కిందివాళ్లని ప్రతి దుప్పటికీ ఎంట్రీ అడిగితే ఆ సిస్టమ్ ఎవరి కోసం వచ్చిందో ఎవరికైనా అర్థమవుతుంది. ఆయన గదులు కూడా ఆయన పేరుతోనే బుక్ చేయండి, కాంప్లిమెంటరీ అని. ఒక్క నెల అలా జరిగితే రిసెప్షన్‌లో మాట మారుతుంది.

హౌస్‌కీపింగ్ దగ్గర యాప్‌ని కొంచెం కత్తిరించాలి. టైమర్ తీసేయించండి. మీకు నిజంగా కావాల్సింది గది రెడీనా కాదా అన్నది, ఎన్ని నిమిషాలు పట్టిందన్నది కాదు. ఆ యాప్ వాళ్ల సొంత ఫోన్లలో వేయించారా? వేయించి ఉంటే తీసేయండి. లొకేషన్ పర్మిషన్ అడిగిన ప్రతి యాప్ తామెక్కడ తిరుగుతున్నామో ఓనర్‌కి చెబుతుందని వాళ్లు అనుకుంటారు, అనుకోవడంలో తప్పేమీ లేదు. సొంత డేటా ప్యాక్ హోటల్ పనికి ఎందుకు ఖర్చుపెట్టాలన్నది ఇంకో ప్రశ్న. ఒక్కో బ్లాకుకి హోటల్ తరఫున ఒక చవక ట్యాబ్ ఇచ్చి లినెన్ రూమ్‌లో పెట్టండి. తెర మీద తెలుగు రాకపోతే గది నంబరు, రంగు ఉంటే సరిపోతుంది. మీ దగ్గర పనిచేసేవాళ్లలో చుట్టుపక్కల ఊళ్ల గిరిజన అమ్మాయిలు ఉంటారు కదా, వాళ్లలో అందరికీ ఇంగ్లిష్ మెనూలు అలవాటు ఉండవు. అది అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. సిగ్నల్ పోతే ఎంట్రీ ఆగిపోకుండా తర్వాత వెళ్లేలా ఉంటుందా అని కంపెనీని గట్టిగా అడగండి. అరకులో అది చిన్న విషయం కాదు.

ఏ గది తర్వాత ఏ గది చేయాలో యాప్ చెప్పే ఫీచర్ ఉంటే అది కూడా ఆపండి. అమెరికాలో పెద్ద హోటళ్ల హౌస్‌కీపర్లు దీని మీదే గట్టిగా ఫిర్యాదు చేశారు. యాప్ ఒక గది ఈ చివర, ఇంకోటి ఆ చివర ఇస్తే బండి తోసుకుంటూ ఫ్లోర్లన్నీ తిరగాల్సి వస్తోందని, తమ వరస తమకి తెలుసని. 2018లో ఎనిమిది నగరాల్లో దాదాపు 7,700 మంది మారియట్ ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు జీతాలతో పాటు, కొత్త టెక్నాలజీ తెచ్చేటప్పుడు తమ మాట కూడా వినాలన్నది ఒక డిమాండు. మీ దగ్గర యూనియన్ లేదు. అందుకే మీవాళ్లు సమ్మె చేయరు, రెండింటికి ఒకేసారి నొక్కేస్తారు.

వాళ్లకి ఏం లాభమో కూడా కనపడాలి. బరువైన గదిని ఒకటిన్నర గదిగా లెక్కకట్టండి. లినెన్ రాలేదని నొక్కడానికి ఒక బటన్ పెట్టించండి. నెల తిరిగేసరికి ఆలస్యం వాళ్లదా లాండ్రీదా అన్నది వాళ్ల రికార్డే చెబుతుంది. రూమ్ రెడీ అని తెర మీద పడగానే రిసెప్షన్ నుంచి ‘204 అయిందా, 207 అయిందా’ అనే ఫోన్లు ఆగిపోతే, ఆ ప్రశాంతత కోసమే నొక్కుతారు.

రిసెప్షన్‌కి లాభం చూపించడం ఇంకా తేలిక. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదులకి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత బిల్లు బుక్ మీద నడిచే చోట్ల గెస్టులతో ఎంత వాదన అయి ఉంటుందో ఊహించుకోండి. సాఫ్ట్‌వేర్‌లో అయితే రేటు ఒక్కచోట మారిస్తే చాలు. రాత్రి పన్నెండింటికి కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చునే నైట్ షిఫ్ట్ అబ్బాయికి ఇది చెప్పండి, చెవిన పడుతుంది.

మీ సీనియర్ ‘మనకెందుకమ్మా’ అన్నప్పుడు మీరు విన్నది ఆ నవ్వునే. ఆయనకి తెలిసినవి ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియవు. విశాఖ ఆఫీసుల వాళ్లు అడ్వాన్సు ఇవ్వకుండా పట్టి ఉంచమనే గదులు, డ్రైవర్లకి ఇచ్చే మంచాలు, ఏటా కార్తీకంలో వచ్చే పెద్ద కుటుంబానికి పక్కపక్క గదులే కావాలన్న సంగతి. ఇవన్నీ ఎక్కడ రాయాలో చూపించండి, లేదా రాయడానికి చోటు లేదని ఒప్పుకోండి. ఆయన చెప్పిన రెండు మార్పులు కంపెనీ చేత చేయించగలిగితే, ఆ తర్వాత కొత్తవాళ్లకి నేర్పేది ఆయనే. నేర్పించమని మీరు ముందే అడిగితే మాత్రం తప్పించుకుంటాడు.

రిజిస్టర్‌ని అల్మారాలో పెట్టి తాళం వేయొద్దు. దాని పని మార్చండి. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ రాత్రి రావాల్సినవాళ్ల లిస్టు, ఖాళీ గదుల లిస్టు ప్రింట్ తీసి రిజిస్టర్‌లో అంటించండి. కరెంటు పోయినా, నెట్ పోయినా అక్కడి నుంచి చేత్తో రాసుకోవచ్చు, తిరిగి రాగానే ముందు ఆ ఎంట్రీలు ఎక్కించాలి, అంతే రూలు. నేరుగా వచ్చిన గెస్టుకి మాత్రం తాళం ఇచ్చేముందే కంప్యూటర్‌లో గది మూసేయాలి. పేరు, ఆధార్, అడ్రస్ తర్వాత నింపుకోవచ్చు. అన్నట్టు, ఆ ఆధార్ ఫొటోలు ఎవరి సొంత వాట్సాప్‌లోనూ ఉండకుండా చూడండి. స్టాఫ్ సమాచారం జాగ్రత్త అని కాగితం రాసి, గెస్టుల సమాచారం గాలికి వదిలితే ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు.

ఇవన్నీ సీజన్ మధ్యలో మొదలుపెట్టకండి. డిసెంబరు చివరి వారంలో ఎవరికీ ఏమీ ఎక్కదు. కోత డబ్బు వెనక్కివ్వడం, సంతకం పెట్టిన కాగితం, విడి ఐడీలు మాత్రం ఇప్పుడే చేయండి. మిగతాది సంక్రాంతి రద్దీ తగ్గాక, పిల్లల పరీక్షల రోజుల్లో గదులు ఖాళీగా ఉన్నప్పుడు. ట్రైనింగ్ కూడా రెండు రోజుల క్లాసులా కాకుండా, షిఫ్ట్ మారేటప్పుడు ఇరవై నిమిషాలు, వారానికి ఒక్క పని. తప్పు ఎంట్రీ పడితే దాన్ని ఎలా సరిచేయాలో అన్నిటికంటే ముందు నేర్పించండి. మీ కంపెనీ వాళ్లు అది చివర్లో చెప్పి ఉంటారు, లేదా అసలు చెప్పి ఉండరు. సరిచేసుకోవచ్చని తెలిస్తే చెయ్యి తొందరగా కీబోర్డు మీదకి వెళ్తుంది.

ఓనర్ గారు కాగితం మీద సంతకం పెట్టనంటే? అలాంటివాళ్లు ఉంటారు, మీ ఓనర్ గారు కూడా కావచ్చు. అప్పుడు హౌస్‌కీపింగ్ యాప్ ఆపేయమని చెప్పండి, వచ్చే ఏడాది రెన్యువల్‌లో ఆ డబ్బు మిగులుతుంది. బుకింగులు, బిల్లింగ్ ఉంచుకోండి, విడి ఐడీలు ఉంచుకోండి. గదులు రెడీ అయ్యాయా లేదా అన్నది మీ సూపర్‌వైజర్ ఇంటర్‌కామ్‌లో చెబుతుంది, ఇప్పుడూ అలాగే కదా జరుగుతోంది.